గడప లేని లంక

ఆ రోజుల్లో మా నందిగామ, జగ్గయ్యపేట వైపు మొగుడూ పెళ్ళాం ఇద్దరే కలిసి ఊరు దాటారంటే దానికి రెండే కారణాలుండేవి: ఒకటి ఆసుపత్రి, రెండోది మొక్కు. ఏ కారణమూ లేకుండా, ఊరికే ఒకచోట కూర్చుని గాలి పీల్చుకోడానికి వెళ్ళారంటే ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు పడటం లేదని ఊరంతా తేల్చేసేది. హనీమూన్ అనే మాట మాకు తెలియక కాదు. (వారపత్రికలు మాకూ వచ్చేవి, కాస్త నలిగి.) కాకపోతే అది చలి ఊళ్ళ వ్యవహారమనీ, మాలాంటి మిరపకాయల ఎండ ప్రాంతాలకు వర్తించదనీ అనుకునేవాళ్ళం. అలాంటి రోజుల్లో, పెళ్ళయిన మొదటి ఆషాఢంలోనే, వీపున సంచి తగిలించుకుని ద్వీపానికి విహారయాత్ర చేసిన ఘనులం మేమిద్దరం. ద్వీపమంటే మరీ సముద్రం మధ్యది కాదులెండి, చందర్లపాడు అవతల కృష్ణలో ఉన్న లంక.

నిజానికి నాకు విహారం మీద మోజేమీ లేదు. నాకు కావలసింది మా ఆయన నోటి నుంచి ఒక్క మాట. గుంటూరులో నాకు బి.ఎడ్. సీటు వచ్చింది. ఆషాఢం వెళ్ళగానే చేరాలి, లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. టీచరు కావాలన్నది నా చిన్ననాటి కోరిక. మా పెరట్లో బెండమొక్కలకు ఎక్కాలు చెప్పి, అప్పజెప్పని వాటిని బెత్తంతో కొట్టిన చరిత్ర నాది. మా అమ్మేమో "ఇంక మా చేతుల్లో ఏముందే, మీ ఆయన ఎట్లా అంటే అట్లా" అని చేతులు దులుపుకుంది. మా ఆయన్ని అడిగితే "చూద్దాం" అన్నారు. ఎప్పుడు చూస్తారో తెలియదు. జగ్గయ్యపేటలో మా అత్తగారిల్లు నిండా జనం. పైగా వాళ్ళమ్మ ఎదురుగా ఉంటే ఆయనకు గొంతు పెగిలేది కాదు. మా అత్తగారు గయ్యాళేం కాదు పాపం. ఆవిడ ఏమీ అనకముందే, అంటుందేమోనని ఈయన ముందుగా భయపడి పెట్టుకునేవారు. పోనీ విడిగా మాట్లాడుకుందామంటే మా గదికి తలుపుంది గానీ తలుపుకి గడియ లేదు. ఇంతలో ఆషాఢం రావటం, ఆచారం ప్రకారం నన్ను చందర్లపాడు దగ్గరి పుట్టింటికి పంపేయటం జరిగిపోయాయి. ఆ నెలంతా అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు, కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. తొక్కితే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ తొక్కి చూడలేదు కాబట్టి.

గాజులు కొనుక్కుంటానని అమ్మకు చెప్పి ఒకరోజు నందిగామ వెళ్ళాను. నా ఉత్తరం చూసుకుని ఆయన పేట నుంచి బస్సెక్కి అక్కడికి వచ్చారు. నేను వెళ్ళేసరికి బస్టాండు పక్కన టీకొట్టు ముందు నిలబడి వెలిగిపోతున్నారు. అంతకుముందే ఒక దొరా దొరసానీ లారీ దిగి అక్కడ టీ తాగారట. ఇద్దరి వీపుల మీదా వాళ్ళంత సంచులు. ఎక్కడికని ఈయన ఇంగ్లీషులో అడిగారట.

"ఏదో ద్వీపానికి పోతున్నారంట. అక్కడికెళ్ళి ఏం చేస్తారో తెలుసా? ఏమీ చెయ్యరంట!" అన్నారు నాతో, కళ్ళు పెద్దవి చేసి.

"ఏమీ చెయ్యకుండా ఉండటానికి అంత దూరం ఎందుకండీ? మా తాతయ్య అరుగు మీదే ఉంటాడు" అన్నాను.

"అది కాదు. ఇద్దరే ఉంటారు. మాట్లాడుకుంటారు. ఎవరూ రారు." ఆ మూడు ముక్కలూ నా గుండెల్లో దిగాయి. ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగి, కోర్టులో వకీలులా వేలు చూపిస్తూ, "ఆషాఢం దేనికి? గడపకి. లంకలో గడపేదీ?" అన్నారు. ఆ లాజిక్కుకి ఆ క్షణంలో ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

లంకలో మా పెదనాన్నకు కూరగాయల తోట ఉండేది. ఎప్పుడూ అక్కడే ఉంటాడని ఆయన్ని లంక పెదనాన్న అనేవాళ్ళం. పడవ ఆయన మనిషిదే గనక ఆయనకు చెప్పక తప్పలేదు. "మూడో కంటికి తెలిస్తే ఒట్టు" అన్నాడు పెదనాన్న. (మా పెద్దమ్మవి మూడో కన్నూ నాలుగో కన్నూ అన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.)

అనుకున్న రోజు పొద్దున్నే ఆయన చందర్లపాడులో బస్సు దిగారు. వీపున పచ్చటి సంచి. గరికపాడులో లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడి చేత ప్రత్యేకంగా కుట్టించారట. దగ్గరికొస్తుంటే డీజిలు వాసన. అందులో దుప్పటి, ట్రాన్సిస్టరు, ఫ్లాస్కు, బిస్కెట్లు, పౌడరు డబ్బా, ఎందుకైనా మంచిదని తలనొప్పి బిళ్ళలు. మా వైపు మగవాడి వీపున ఏదైనా ఉందంటే అది పత్తిచేలో మందు కొట్టే పంపే. రేవుకు నడుస్తున్నంతసేపూ చేలల్లోంచి పలకరింపులే. "ఎవరి చేలో కొడతన్నారండీ?" అని ఒకరు, "మా పత్తికీ పురుగు తగిలిందయ్యా, తిరిగొచ్చేటప్పుడు ఓ చెయ్యి వెయ్యండి" అని ఇంకొకరు. మర్యాదస్థుడు కావటం వల్ల ఆయన అందరికీ "అలాగేనండి" అని చెప్పుకుంటూ వచ్చారు.

లంక నిజంగానే బాగుంది. చుట్టూ నీళ్ళు, తెల్లటి ఇసుక, రెల్లు, ఒక తుమ్మచెట్టు నీడ. దుప్పటి పరిచి ఆయన వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఏం చేస్తున్నారండీ?"

"రిలాక్స్ అవుతున్నా. నువ్వూ అవ్వు."

"ఎంతసేపు అవ్వాలి?"

"అట్లా అడక్కూడదు. అడిగితే అవ్వలేం."

కాసేపు నేనూ ప్రయత్నించాను. చీమలు పడుకోనివ్వలేదు. ఇంక ఉండబట్టలేక, "ఏవండీ, నా సీటు సంగతి..." అన్నానో లేదో, "అల్లుడుగారూ!" అని రెల్లు వెనకనుంచి కేక. లంక పెదనాన్న, చంకలో దోసకాయలు. కొత్తల్లుడు తన లంకలో కాలు పెడితే పలకరించకపోవటం ఎట్లా అని వచ్చాడు. వచ్చినవాడు దుప్పటి మీద మా ఇద్దరి మధ్యా కూర్చుని బెండకు ఎరువు ఎప్పుడు వెయ్యాలో చెప్పటం మొదలుపెట్టాడు.

అది సగంలో ఉండగానే రేవు వైపు నుంచి పడవ వచ్చింది. ముందు గొడుగు కనిపించింది. గొడుగు కింద మా అమ్మ! పక్కన పెద్దమ్మ, మా చెల్లెళ్ళు, గిన్నెలు, క్యారియర్లు, అరిటాకుల కట్ట. పెద్దమ్మ ఇసుకలో కాలు పెడుతూనే, "గడప లేదు గదే ఇక్కడ! దోషం లేదన్నారు పంతులుగారు. అడిగే వచ్చాం" అంది. మేము తవ్వుకున్న దొంగదారిలో ఊరంతా బండి తోలుకుని వచ్చేసింది.

దోషం లేకపోయినా జాగ్రత్త మంచిదని మా అమ్మ అల్లుడికి వీపు పెట్టి, గొడుగు అడ్డం పెట్టుకుని, నదితో మాట్లాడుతున్నట్టుగా మర్యాదలు చేసింది. "కోడికూర ఇంకాస్త వేసుకోమనవే అల్లుడుగారిని." "గారెలకు మొహమాటపడొద్దని చెప్పవే." ఆయనేమో ఆ గొడుగుకే "చాలండీ, చాలండీ" అంటూ దండాలు పెట్టారు. మా చెల్లెళ్ళు ఆయన పచ్చసంచి తగిలించుకుని, పురుగుమందు కొడుతున్నట్టు అందరి మీదా పౌడరు చల్లారు. చుట్టుపక్కల తోటల వాళ్ళు కూడా వచ్చి, "మాకు అల్లుడే గదా, వరసకి" అని తలా ఒక వంకాయల మూట ఆయన ముందు పెట్టి వెళ్ళారు. నేను విస్తరాకులు తీస్తూ, మంచినీళ్ళు అందిస్తూ, నవ్వుతున్నట్టు మొహం పెట్టుకుని లోపల కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాను. ఎండ వాలిపోతోంది. ఈ రోజు దాటితే మళ్ళీ ఆయన్ని చూసేది శ్రావణంలో, వాళ్ళమ్మ ఎదురుగానే. ఇంక గుంటూరూ లేదు, నా బడీ లేదు.

పడవ తిరుగుప్రయాణానికి సిద్ధమైంది. అందరూ ఎక్కుతుండగా మా అమ్మ ఉన్నట్టుండి ఆగింది. "అమ్మో, పడవ అంచు గడపలాంటిదే గదా! దాటే గదా ఎక్కాలి. అల్లుడుగారూ నేనూ ఒకే పడవ ఎక్కొచ్చో లేదో పంతులుగారిని అడగలేదే!" ధర్మసందేహం లేవదీసింది తనే. "ముందు మేం పోతాం. పడవ మళ్ళీ వచ్చి మిమ్మల్ని తీసుకొస్తది" అని తీర్పు కూడా తనే ఇచ్చింది. "వాళ్ళకి తోడుగా నేనుంటాలే మరదలా" అన్నాడు పెదనాన్న. "వాళ్ళకి తోడేంటి, నువ్వు నడువు" అని పెద్దమ్మే ఆయన చెయ్యి పట్టుకుని పడవలోకి లాగింది. అంచు దాటుతూ మా అమ్మ గొడుగు కిందనుంచి నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ సందేహం ఆమెకు నిజంగానే వచ్చిందా అని ఎన్నోసార్లు అడిగాను. బతికున్నన్నాళ్ళూ నవ్వేదే తప్ప చెప్పలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చింది.

పడవ దూరమయ్యాక ఆయన మళ్ళీ దుప్పటి పరవబోయారు. నేను పరవనివ్వలేదు.

"నా చదువు గురించి ఏమంటారు?"

"చదువుకో. నాకిష్టమే. ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నా" అన్నారు, తడుముకోకుండా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఒళ్ళు మండింది.

"ఇక్కడ చెబితే ఎవరికి వినపడుద్దండీ, చేపలకా? మీ అమ్మగారి ముందు చెప్పండి."

ఆయన మొహం పాలిపోయింది. సంచిలోంచి తలనొప్పి బిళ్ళ తీసుకుని, నీళ్ళు లేకుండానే మింగారు. "చెప్తాలే" అన్నారు చివరికి. అది "చూద్దాం" కాదు గదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

శ్రావణం మొదటిరోజున పేట చేరాను. మధ్యాహ్నం మగవాళ్ళు భోజనాలకు కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తున్నారు, నేను వంటింటి తలుపు పక్కన మంచినీళ్ళ చెంబుతో నిలబడ్డాను. ఆయన పప్పు తిన్నారు, కూర తిన్నారు. ఇంక చెప్పరులే అనుకున్నాను. అత్తగారు గరిటెతో పులుసు తీసుకుని ముందుకు వంగగానే ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, ఇంటి కప్పు ఎగిరిపోయేంత గట్టిగా, "అమ్మా! తను గుంటూరు వెళ్తది! బి.ఎడ్. చదవడానికి!" అన్నారు.

ఇంట్లో అన్ని చేతులూ ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు?" అన్నారు అత్తగారు.

"ఎవరో కాదు. నేనే చెప్తున్నా."

ఆవిడ కొడుకు మొహంలోకి ఎప్పుడూ చూడనట్టు చూశారు. తర్వాత నావైపు చూశారు.

"సరే, వెళ్ళనీ. దానికి అంత అరుపెందుకురా?" అన్నారు ఆవిడ. "చెయ్యి తియ్యి, పులుసు చల్లారిపోతోంది."

అంతే. ఆ తర్వాత నేను చదివాను, ఉద్యోగం చేశాను, ఎంతోమంది పిల్లలతో ఎక్కాలు చెప్పించాను, ఈమధ్యే రిటైరయ్యాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా ఆయన్ని ఏదైనా అడగాలంటే ముందు టీ ఇచ్చి, పేపరు చదవటం అయిందో లేదో చూసి, రేపు అడుగుదాంలే అని వెనక్కి వచ్చేస్తుంటాను. అలాంటప్పుడు ఇసుకలో నిలబడి మొగుణ్ణి నిలదీసిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత ధైర్యం దానికి! ఒక్కసారి కనబడితే బాగుండు, నా తరఫున కూడా దాన్నే అడగమనేదాన్ని.