అరవై మూడు నారి కాళ్లు

గురుస్వామి తన అక్క తిమ్మమ్మను మసక వెలుతురులో పోల్చుకోలేక కొట్టాడని సాలెవీధిలో అందరూ అంటారు. ఊరి ఆసామి పుల్లయ్య పంపిన మనిషి అనుకున్నాడట, దెబ్బ పడ్డాక గానీ తెలియలేదట. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ సుఖంగా ఉండే మాట అది. గురుస్వామిని ఎదుట కూర్చోబెట్టుకుని ఇది నిజమా అని అడిగింది మాత్రం పక్కింటి సోమక్క ఒక్కతే. విన్నదాన్ని ఇన్నాళ్లూ కడుపులోనే పెట్టుకుంది. ఆ జవాబు అర్థం కావాలంటే జరిగింది మొదటినుంచీ తెలియాలి.

రాయచోటి దగ్గరి ఆ పల్లెకు తాగడానికి ఒకటే మెట్ల బావి. ఇరవై రెండు మెట్లు దిగి నీళ్లు ముంచుకోవాలి. ఎండలు ముదిరేసరికి ఊళ్లో నారి కురుపు మొదలయ్యేది. కాలి మీద బొబ్బ లేచి, నిప్పు పెట్టినట్టు మండి, పగిలేది. అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు రెండంగుళాలు లాగాలి. తొందరపడి తెంపితే లోపల మిగిలిన ముక్క కాలునే కుళ్లబెడుతుంది. మంట ఓర్చుకోలేక జనం బావిలోకి దిగి కాలు ముంచేవారు. పక్క మెట్టు మీద ఇంకొకరు అవే నీళ్లు బిందెకు పట్టేవారు.

గురుస్వామికి వరసగా నాలుగేళ్లు నారి వచ్చింది. మగ్గం గుంటలో కాళ్లు ఆడకపోతే గుడ్డ రాదు. ఏడాదికి మూడు నెలలు అతని మగ్గం మూలపడేది.

పంతొమ్మిది వందల ముప్పై అయిదులో కడప వైద్య శాస్త్ర సంఘం నుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఆ సంఘంలో డాక్టర్లు, కాంపౌండర్లు, పంతుళ్లు సభ్యులు. పల్లెకొక సభ్యుడు కూడా కావాలని వాళ్ల ఆలోచన. ఊళ్లో నారి కాళ్లు లెక్కపెట్టి రాయగలవారు ఎవరని అడిగితే గురుస్వామి చెయ్యెత్తాడు. గడపగడపకూ తిరిగి అరవై మూడు అని రాసిచ్చాడు. డాక్టరు అతని చొక్కాకు ఇత్తడి బిళ్ల తగిలించి, విషయం విడమరిచి చెప్పాడు. కాలు నీళ్లలో పడగానే పురుగు పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాడికి ఏడాది తిరిగేసరికి నారి బయటపడుతుంది.

"వచ్చే ఎండాకాలం మొత్తం ఒక్క నారి కాలు కూడా నీళ్లు తాకకూడదు. అప్పుడు ఆ పై ఏటికి మీ ఊళ్లో నారి ఉండదు. ఒక్క కాలు తాకినా కథ మళ్లీ మొదటికే" అన్నాడు.

శివరాత్రి దాటగానే గురుస్వామి మెట్లకు అడ్డంగా రాతిగోడ లేపాడు. పైనుంచి చేదుకోవడానికి గిలక పెట్టించాడు. మూడో రోజే పుల్లయ్య వచ్చాడు. ఊళ్లో నూరెకరాల ఆసామి, బావి తవ్వించినవాళ్ల మనవడు.

"మా తాత కట్టించిన మెట్లకు అడ్డం కడతావా? బిళ్ల తగిలించుకుంటే కలెక్టరువైపోయినావా?"

"మెట్లు మీ తాతవే అప్పా. కాళ్లలో పురుగు ఎవరి తాతది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు ఖరీదు సాయంత్రానికే పడింది. పుల్లయ్య జీతగాడు మారెన్న మరో ముగ్గురిని వెంటేసుకుని గురుస్వామి ఇంట్లో చొరబడ్డాడు. రాతితో నోటి మీద కొడితే ముందు పళ్లు మూడు మగ్గం గుంటలో రాలాయి. మగ్గం మీద పడుగు దారాలను కొడవలితో అడ్డంగా కోసేశారు. పోతూ పోతూ బావి గోడను పడదోశారు.

గురుస్వామి సంఘానికి ఉత్తరం రాశాడు. "ప్రజలకు ఓపికతో బోధించవలెను" అని జవాబు వచ్చింది. వాచిన నోటితో బోధన ఏం చేస్తాడు! పడుగు తెగిన మగ్గం నుంచి చండ్రకర్ర దూలం ఊడదీసుకుని, పోయి గోడ గండిలో కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం బావి దగ్గర నీళ్లకంటే నెత్తురే ఎక్కువ కారిందని ఇప్పటికీ అంటారు. కట్టు కట్టిన కాలితో ఎవరు గండి దాటబోయినా దూలం లేచేది. మారెన్న ముంజేయి విరిగింది. వాడు ఎడమ చేత్తో కొడవలి విసిరితే గురుస్వామి భుజం ఎముక కనిపించేలా తెగింది. ఆ భుజాన్ని తుండుగుడ్డతో బిగించుకుని మళ్లీ అక్కడే కూర్చున్నాడు. పొద్దు పోయాక నారి ఉన్న ఇళ్లకు తనే కడవలు మోసి, మండే కాళ్ల మీద పోసి వచ్చేవాడు. పోయించుకున్నవాళ్లు కూడా తిడుతూనే పోయించుకునేవారు.

రోహిణి కార్తెలో తిమ్మమ్మ కాలికి నారి పగిలింది. తల్లి పోయాక గురుస్వామిని చంకనేసుకుని పెంచిన అక్క ఆమె. మొగుడు పోయిన నాటినుంచీ తమ్ముడి ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున గురుస్వామే ఆ పురుగును పుల్లకు చుట్టి, జారకుండా చీర అంచుకు వాడే ఎర్రనూలుతో కట్టేవాడు.

"ఒరే గురుసామీ, ఒక్కతూరి ముంచుకుంటా రా. పానం పోతాండాది. ఎవురు సూస్తారు?"

"నేను సూస్తా గదక్కా."

"పాడు బిళ్ల తగిలించుకున్న్యావు. సంఘమోళ్లు సాకినారా నిన్ను, నేను సాకినానా?"

అతను కడవెత్తి నీళ్లు పోశాడు. అవి చాలలేదు.

వారం తర్వాత, తెల్లవారుతుండగా తిమ్మమ్మ ఒంటరిగా బావికి వచ్చింది. ఊరికి తెలిసింది ఇంతే: దూలం ఆమె తొడ మీద పడింది. ఆమె వెల్లకిలా మెట్ల మీద దొర్లి, నీటికి రెండు మెట్ల ఎగువన ఆగింది. కాలు రాతికి ఒరుసుకుని పుల్ల ఊడిపోయింది. పురుగు లోపలే తెగింది. నీళ్లు మాత్రం తాకలేదు.

కేక విని పరుగెత్తుకొచ్చిన సోమక్క, మొగుడి చేత బండి కట్టించి ఆమెను కడప ఆసుపత్రికి తీసుకుపోయింది. గురుస్వామి బండి దాకా అక్కను మోసుకొచ్చి పడుకోబెట్టాడు. తిరిగి పోయి గండిలో కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం పుల్లయ్య మనుషులతో వచ్చి, మెట్ల మీది నెత్తురు మరక చూసి, "సొంత అక్కను కొట్టినోడు మనల్ని ఇడుస్తాడా, పదండి" అని వెనుదిరిగాడు. వానలు పడేదాకా నారి కాలు ఏదీ మళ్లీ అటు రాలేదు.

ఆసుపత్రిలో కాలు నల్లబడి కంపు కొట్టింది. మోకాలి పైదాకా కోసేశారు. పోలీసులు వచ్చి అడిగితే తిమ్మమ్మ, "మసకలో పోల్చుకోలేదు సామీ. పిలిస్తే నేనే పలకలా" అంది. అదే మాట పదకొండు రోజులు వచ్చినవాళ్లందరికీ చెప్పి, కన్ను మూసింది. సాలెవీధి మాట అక్కడ పుట్టింది.

మరుసటి ఎండాకాలం గురుస్వామి గడపగడపకూ తిరిగాడు. ఒక్క నారి కాలూ లేదు. సంఘం కడపలో వార్షిక సభ పెట్టి అతనికి శాలువా కప్పింది. ఆ ఏటి పనులన్నీ అచ్చువేసిన పుస్తకం ఇచ్చింది. దాన్ని తెచ్చి, మూడో తరగతి దాకా చదివిన సోమక్క చేతిలో పెట్టాడు. ఆమె అరుగు మీద కూర్చుని వేలు పెట్టి చదివింది.

"'ఈ సంవత్సరపు కృషిలో మిక్కిలి గణనీయమైన ఫలితము: సభ్యులు శ్రీ గురుస్వామి గారి ఓపికతో కూడిన బోధన వలన అరవది మూడు కేసులు సున్నకు దిగినవి.' బోధనంట! మారెన్న చెయ్యి ఇనలేదు పాపం నీ బోధన."

గురుస్వామి నవ్వలేదు. శాలువా మడత విప్పకుండా పక్కన పెట్టాడు.

సోమక్క పుస్తకం మూసింది. "గురుసామీ, ఒగ మాట అడుగుతా. నిజం చెప్పు. ఆ పొద్దు మీ అక్కని పోల్చుకోలేదా నువ్వు?"



"పోల్చుకోకేమి సోమక్కా. ఆ పుల్ల కట్టింది నేనే గదా. మెట్టు మీద ముందు కనపడింది నా ఎర్రనూలే."