సంతోషాన్ని వెతికిన మహబూబ్ సార్

మహబూబ్ సార్ ఇక లేరని మొన్న ఉదయం కామారెడ్డి ఆసుపత్రి నుంచి ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. అంతా విని కూడా, "ఒకసారి సార్‌కి ఇయ్యి" అన్నాను. దుఃఖం కంటే ముందు అలవాటు పలికింది.

ఎల్లారెడ్డి బడిలో ఆయన తెలుగు, నేను లెక్కలు; పద్దెనిమిదేళ్ల సాహచర్యం. ఆయన పద్యమెత్తుకుంటే పక్క గదిలో నా విద్యార్థులు లెక్క ఆపి వినేవారు. సహధర్మచారిణి కన్నుమూశాక ఆ గంభీరకంఠం మూగబోయింది. సంతానం లేదు. పదవీ విరమణతో బడీ దూరమైంది.

"సంతోషం ఏడనో ఉండే ఉంటది నర్సింలూ. నేనే దేవులాడుత లేను" అన్నారొకనాడు.

వెతికారు కూడా. ప్రతి ఆదివారం కామారెడ్డి పోయి సినిమా చూసి, బిర్యానీ తిని వచ్చేవారు. "ఎంత తిరిగినా మల్ల గా ఖాళీ ఇంటి తాళమే తియ్యాలె గద!" అనేవారు.

ఒక ఆదివారం వానలో ఆయన బస్సు లింగంపేట దగ్గర చెడిపోయింది. నలుగురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుట్టే రాజవ్వ ఇంటి అరుగెక్కి నిలబడ్డారు. "సారూ, ఊకె నిలవడుడెందుకు, ఏదన్న చెప్పరాదు" అన్నదట ఆమె. భార్య పోయాక తొలిసారి పద్యం చదివారు. "వాన ఎప్పుడు ఆగిందో తెల్వలే" అని నాతో చెబుతుంటే ఆయన ముఖం దేదీప్యమానంగా ఉంది.

ఆ ఆనందం కోసమే మరుసటి వారం మళ్లీ వెళ్లారు. ఆ రోజు ఆడవాళ్లు పని తొందరలో ఉన్నారు, ఎవరూ తలెత్తలేదు. "గదే అరుగు, గదే పద్యం. ఏం రాలే" అన్నారు కుంగిపోయి.

"ఇగ పోకుండ్రి సార్" అన్నాను.

"రాజవ్వ తన పేరు రాసుడు నేర్పుమన్నది. మాటిచ్చిన. పోవాలె."

రెండేళ్లు ప్రతి ఆదివారం పోయారు. సంతోషం దొరికిందా అని ఒకసారి అడిగాను. "అడగకు. అడిగితె ఉన్నదా లేదా అని చూసుకోవాలె. చూస్తె ఉండదు" అని నవ్వి, మళ్లీ ఆయనే, "కొన్ని ఆదివారాలు నిజంగనే ఏం ఉండదు. అయినా వాళ్లు ఎదురుచూస్తరు" అన్నారు. నన్నూ రమ్మనేవారు. వచ్చే వారం చూద్దామనేవాణ్ని. నాకూ ఆదివారం మాట్లాడే మనిషి లేడు, అయినా వెళ్లలేదు.

మొన్న సాయంత్రం సార్‌ని ఖననం చేసిన ఖబరస్తాన్ గేటు బయట, లింగంపేట నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక ముసలామె నా దగ్గరికొచ్చింది.

"నర్సింలు సారువు నువ్వేనా? నేను రాజవ్వను. నువ్వొస్తవని వారం వారం ఇంకో పీట ఏయించేటోడు."

ఆ సహృదయుడికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆ పీట మీద ఇప్పుడు వెళ్లి కూర్చోగలను. పక్కన ఆయన ఉండరు.