శేషారత్నం కొలిచిన మొక్కలు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు సర్కారు గుమాస్తా భావనారాయణ కూడా సామాను సర్దుకుని, పెళ్ళాంబిడ్డలతో వచ్చి నాంపల్లి స్టేషను వెనక ఒక వాటాలో దిగాడు. అప్పటికి కూతురు శేషారత్నానికి తొమ్మిదేళ్ళు. కొడుకు జగన్మోహనరావు అక్క చెయ్యి వదలని ఏడేళ్ళవాడు.

శేషారత్నం బి.యస్సీ. చదివే రోజుల్లో కాలేజీ పిల్లల్ని ఒకసారి మెదక్ వైపు అడవికి తీసుకువెళ్ళారు. దారిలో వాన పట్టుకుంది. రెండు గుట్టల మీంచి రెండు వాగులు దిగి ఒకచోట కలుస్తున్నాయి. చెట్లున్న గుట్ట నుంచి వచ్చే నీరు తేటగా ఉంది. బోడిగుట్ట నుంచి వచ్చేది నెత్తురులా ఎర్రగా పొర్లుతోంది. తక్కిన ఆడపిల్లలు చెట్టుకిందికి పరుగెత్తితే శేషారత్నం మాత్రం తడుస్తూ అక్కడే నిలబడిపోయింది. బోడిగుట్ట మళ్ళీ అడవి కావాలంటే ఏం చెయ్యాలో చదువుకోవాలని ఆ రోజే ఆమె మనసులో పడింది.

పట్టా చేతికి రాగానే తండ్రిని వెంటబెట్టుకుని అడవుల చదువు సంగతి వాకబు చెయ్యడానికి అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఆమె వంక చూడకుండా తండ్రితోనే మాట్లాడాడు.

"ఆడపిల్లలను తీస్కోరు సాబ్. అండ్ల గుర్రమెక్కాలె, డేరాల్ల పండాలె. కొడుకు ఉంటే పంపున్రి."

నేలల సంరక్షణ కోర్సుకి వ్యవసాయ పట్టా ఉండాలన్నారు. చివరికి మిగిలింది ఎమ్మెస్సీ బాటనీ ఒక్కటే. అందులో సీటు దొరికింది. అక్కడ పాఠం చెప్పే విద్యావతి మేడం ఈ పిల్ల ఆరాటమంతా విని, "అడవిని నడిపే చదువు నీకివ్వరమ్మా. అడవిని చూసే చదువైతే నేనిస్తాను. చాలా?" అంది.

చాలకపోయినా చాలనుకుంది శేషారత్నం.

గుమాస్తా అన్న మాట మాత్రం తండ్రి మరిచిపోలేదు. ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో కాలేజీలు మూతపడి, అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగిపోయిన ఏడాది, "ఊరికే కూచునే బదులు నీకు తెలిసింది తమ్ముడికి చెప్పవే. వాడన్నా వెళతాడు" అన్నాడు. జగన్మోహనరావుకి బ్యాంకు ఉద్యోగం మీద మోజు. చెట్టంటే చెట్టే, ఏదైనా ఒకటే వాడికి. అయినా అక్క వదల్లేదు. నల్లమద్దికీ ఏగిసకీ తేడా, కలప కొలత, కొట్టిన అడవి ఎలా తిరిగి లేస్తుంది - అన్నీ వాడికి నూరిపోసింది. వాడు రేంజరు శిక్షణకి ఎంపికైన రోజున భావనారాయణ అబిడ్స్ నుంచి మిఠాయి తెచ్చి వాటాలన్నింటికీ పంచాడు. శేషారత్నం కూడా తింది.

ఎమ్మెస్సీ ముగిశాక ఆమె అబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరి, విద్యావతి దగ్గరే పరిశోధనకు పేరు నమోదు చేయించుకుంది. మేకలు రాకుండా కాపాడితే పలచబడిన అడవి తనంతట తానే ఎంతవరకు పుంజుకుంటుందో చూడాలని ఆమె తలపెట్టింది. శిక్షణ పూర్తిచేసి మెదక్ వైపే వచ్చిన తమ్ముడు, "మా రేంజిలో ఒక గుట్ట ఉందక్కా. నీకు పనికొస్తుందేమో చూసుకో" అన్నాడు. ఆ మాటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆదివారమైతే చాలు, బస్సెక్కి గుట్టకి పోయేది. కొంచెం కొంచెం జాగా ఎంచుకుని చుట్టూ ముళ్ళతీగె కట్టించింది. లోపల మొలిచిన ప్రతి మొక్కనీ కొలిచేది. గుట్ట కింద ఊళ్ళో ఉండే పోశవ్వ మేకల్ని తోలేస్తూ కాపలా కాసేది. సీతాఫలాల కాలంలో ఆ పోశవ్వే గంపతో వచ్చి నాంపల్లి స్టేషను ముందు కూర్చునేది. అలా రెండేళ్ళు గడిచాయి. వేలెడు మొలకలు మోకాలెత్తు లేచాయి. ఇరవయ్యేడేళ్ళు నిండిన శేషారత్నం, ఇంట్లో సంబంధాలు చూస్తామంటే, "ఇది కానివ్వండి" అంటూ వచ్చింది.

ఆ ఏడు సీతాఫలాల కాలం ముగిసే ముందు పోశవ్వ గంప స్టేషను దగ్గర దించకుండా నేరుగా వాటాకే వచ్చేసింది.

"అమ్మా, గుట్ట మీద చెట్లు కొడుతున్రు. లారీలొచ్చినయి. నీ తీగె గిట్ల పీకి పారేసిన్రు. నేనొక్కదాన్ని ఏం జేద్దును?"

"మా తమ్ముడు అక్కడ లేడా?"

పోశవ్వ గంప కిందికి దించింది. "ఉన్నడు. సారే నిలబడి సూపెడుతుండు."

మర్నాడు బడి మానేసి వెళ్ళింది. గుట్ట నెత్తి దాకా ఆకాశం కనిపిస్తోంది. దుంగలు ఈడ్చిన దారి ఆమె జాగాల మీదుగానే పోయింది. మోకాలెత్తు మొక్కలు లారీ చక్రాల కింద మట్టిలో కలిసిపోయి, ఏది ఏగిసో ఏది మోదుగో కూడా తెలియడం లేదు. ఒకచోట కూర్చుని, వేరేమైనా మిగిలిందేమోనని కాస్త మట్టి తోడి చూసింది. మళ్ళీ పూడ్చేసింది.

జగన్మోహనరావు ఆ వారమే ఇంటికొచ్చాడు.

"నాకు ఒక్క మాట చెప్పకూడదట్రా?"

"చెబితే ఏం చేసేదానివక్కా? వేలం పాటయిపోయింది. ఆ గుట్ట ఎప్పటినుంచో కొట్టే ప్లానులో ఉన్నదే."

"ఉందని తెలిసే చూపించావా?"

వాడు తల వంచుకున్నాడు. "ఈలోగా నీ పనయిపోతుందనుకున్నాను. అయినా, కొట్టిన మొదలు నుంచి మళ్ళీ చిగురొస్తుందని నువ్వే కదా చెప్పింది? పరీక్షలో కూడా అదే రాశాను."

"కాపలా ఉంటే వస్తుందన్నాను. ఆ సగం కూడా చెప్పాను."

"పోనీలేవే," అన్నాడు తండ్రి గుమ్మంలోంచి. "వాడి ఉద్యోగం వాడు చేశాడు."

ఆమె వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. ఆ రాత్రి అమ్మానాన్నలకీ తమ్ముడికీ తనే వడ్డించింది.

విద్యావతి మరో చోట మొదలుపెట్టమంది. "నాలుగేళ్ళు పట్టొచ్చు, అంతే."

"మీరు వచ్చే ఏడు రిటైరవుతారుగా మేడం?"

"వేరే ఎవరైనా చూస్తారమ్మా."

బాటనీ విభాగంలో అడవి మీద పని చేసేవాళ్ళు మరొకరు లేరన్నది ఇద్దరికీ తెలుసు. గడువు దాటిపోయి, నమోదు దానంతటదే రద్దయింది. సంబంధాల వాళ్ళు రావడమూ తగ్గి, చివరికి ఆగిపోయింది. జగన్మోహనరావుకి పెళ్ళయింది, ప్రమోషనొచ్చి దూరం వెళ్ళాడు. అక్కకు ఉత్తరాలు రాసేవాడు. క్షేమసమాచారం తప్ప ఆమె వేరే జవాబు రాయలేదు.

ఏటా వానాకాలంలో బళ్ళో వనమహోత్సవం జరిగేది. సైన్సు టీచరు కాబట్టి ఆ పని ఆమె మీదే పడేది. గోడ పక్కన నిరుడు తీసిన గుంటల్లోనే ఈ ఏడూ మొక్కలు పెట్టించేవాళ్ళు. నిరుటివి ఎండాకాలం సెలవుల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేక చచ్చిపోయేవి. మొదటి రెండేళ్ళు సెలవుల్లో నీళ్ళ కోసం ఒక మనిషిని పెట్టమని హెడ్మిస్ట్రెస్‌ని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. ఫోటో తీసేవాడు వచ్చాక పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికీ ఒక మొక్క ఇచ్చేది. అంతా అయ్యాక పిల్లల చేతులు కడిగించి, సంచి భుజాన వేసుకుని, అబిడ్స్ జనంలోంచి నాంపల్లి వైపు నడిచి వెళ్ళిపోయేది.