ఊపిరి ఆగిన సెకన్లు

“పళ్ల డాక్టర్‌కి మావాడి నిద్రతో ఏం పని సిస్టర్?”

ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చిలో, ఆదివారం భోజనాల లైన్లో, నలభై మంది వింటుండగా వినయ్ కుమార్ అడిగిన ప్రశ్న ఇది. అడిగింది డాక్టర్ ప్రిస్సిల్లాని. బాపట్లలో పుట్టి, గుంటూరులో బీడీఎస్ చేసి, ఆ డిగ్రీ ఇక్కడ అమెరికాలో చెల్లదంటే డెట్రాయిట్‌లో మళ్లీ చదివి పిల్లల పళ్ల డాక్టరైన మనిషి.

మనవాళ్లకు అపాయింట్‌మెంట్లు పట్టవు. డాక్టరు చేతిలో బిర్యానీ ప్లేటున్నా సరే, పిల్లల నోరు తెరిచి చూపించేస్తారు. వినయ్ కూడా ఎనిమిదేళ్ల జోయెల్‌ని అలాగే నిలబెట్టి, పుచ్చుపళ్లేమైనా ఉన్నాయా చూడమన్నాడు. ఆవిడకు కనబడింది వేరు: అరిగిపోయిన పాలపళ్లు, ఇరుకు అంగిలి, గొంతుకు అడ్డంగా టాన్సిల్స్. గురక పెడతాడా అని అడిగింది. రాత్రంతా నిద్రలో ఊపిరిని కొలిచే స్లీప్ స్టడీ చేయించమంది.

వినయ్ ఆ ప్రశ్నతో ఆగలేదు. బిల్లు పెంచడానికి లేని జబ్బులు పుట్టిస్తోందని చర్చి వాట్సాప్ గ్రూపులో రాశాడు. నాలుగు కుటుంబాలు డాక్టర్ని మార్చేశాయి. క్షమించి, అతని కోసం ప్రార్థన చేయమని పాస్టరమ్మ హితవు చెప్పింది. ప్రిస్సిల్లా ఆ రెండూ చేయలేదు.

ఏడు నెలల తర్వాత, జోయెల్ క్లాసులో కుదురుగా ఉండడం లేదని స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. కుదురు కోసం మందులు మొదలుపెట్టాలేమో అన్నారు. తల్లి మణి భయపడి, భర్తకు చెప్పకుండా ప్రిస్సిల్లాకి ఫోన్ చేసింది. రాత్రి నిద్ర చాలని పిల్లలూ అలాగే ఉంటారని, ఆ వారంలోనే రమ్మంది ఆవిడ. ఒక్కటే షరతు: తండ్రి కూడా రావాలి.

వచ్చాడు. ఫారంలో గురక అన్నచోట ‘లేదు’ అని టిక్ పెట్టాడు.

“వీడియో ఉంది కదా డాడీ, అందరూ లాఫ్ చేశారు,” అన్నాడు జోయెల్.

ఉంది. ‘అచ్చం మా తాతే’ అని రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు వినయ్. ప్లే చేయమంది ప్రిస్సిల్లా. సౌండ్ పెంచమంది. గురక వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు.

“లెక్కపెట్టండి బ్రదర్.”

“ఏం లెక్కపెట్టాలి?”

“మీవాడు ఊపిరి తీసుకోని సెకన్లు. పైకే.”

తొమ్మిది దగ్గర వినయ్ ఫోన్ చెవి దగ్గరకు తెచ్చుకున్నాడు. పన్నెండు దగ్గర ఫోన్లో పిల్లాడు ఎగపీల్చాడు. ఆవిడ వీడియో వెనక్కి జరిపి మళ్లీ లెక్కపెట్టించింది. ఆ రెండోసారి వైద్యానికి అవసరం లేదు.

జబ్బు తేల్చడం పళ్ల డాక్టర్ పని కాదు, అనుమానించి వేరే డాక్టరు దగ్గరికి పంపడం వరకే. పంపింది. స్లీప్ స్టడీలో గంటకు పద్నాలుగుసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. టాన్సిల్స్ తీశారు. అంగిలి వెడల్పు చేసే ప్లేటు ప్రిస్సిల్లా బిగించింది. చర్చివాళ్లకిచ్చే డిస్కౌంట్ లేదా అని నసిగాడు వినయ్.

“బిల్లు పెంచుతానని మీరే రాశారుగా. మీ మాట అబద్ధం చేయమంటారా?”

జోయెల్ ఇప్పుడు నోరు మూసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ప్లేటు ఖర్చు మెడికల్ వాళ్లివ్వాలని డెంటల్ ఇన్సూరెన్స్, డెంటల్ వాళ్లివ్వాలని మెడికల్ ఇన్సూరెన్స్ తప్పుకున్నాయి. వినయ్ ప్రిస్సిల్లాకి ఇంకా పద్దెనిమిది వందల నలభై డాలర్లు బాకీ.