ఎడమ గీత పక్కన గరిక

వేంపల్లె చుట్టుపక్కల గరికను చూస్తే ఎవరైనా పార అందుకుంటారు. బత్తాయిని అక్కడ చీనీ అంటారు; ఆ చీనీ చెట్టు మొదట్లో నాలుగు చుక్కలు పడితే చాలు, గరిక పాకేస్తుంది. పీకినకొద్దీ పుడుతుంది. దాని వేళ్లు తవ్వి తవ్వి నడుములు పడిపోయిన ఆడవాళ్లు ఆ పల్లెల్లో ఎంతమందో. అలాంటి గరిక కోసం ఏసేపు నిరుడు తొలకరిలో గోనెసంచి భుజాన వేసుకుని తోటతోటకూ తిరిగాడు.

“మేము పీకల్యాక సస్తాంటే నువ్వు నాటుకోడానికి అడుగుతాండావా? నీకేమన్నా గాలి సోకిందేమప్పా?” అన్నాడు ఒక తోటాయన. అని ఊరుకోలేదు, నలుగుర్ని పిలిచి చూపించి మరీ నవ్వాడు. నవ్వినంతసేపు నవ్వి నాలుగు మూటలు ఊరికే ఇచ్చాడు, పాడైపోయిన డ్రిప్పు పైపులు కూడా తీసుకుపొమ్మన్నాడు.

ఏసేపుకు సోకింది గాలి కాదు, ఒక బంతి. అది వచ్చి వెళ్లి పన్నెండేళ్లయింది. ఇప్పటికీ వదల్లేదు.

వాళ్లది పాత చర్చి వెనక వీధి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఓబులమ్మ శనక్కాయ చేలల్లో, చీనీ తోటల్లో కూలి చేసి పెంచింది. చర్చికీ బడికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ బడిలో డ్రిల్లు సారు దగ్గర ఒక ఫుట్‌బాల్ ఉండేది. గ్రౌండు మాత్రం పేరుకే గ్రౌండు. వానొస్తే బురద, రాకపోతే బండ, రెండిటికీ తోడు గులకరాళ్లు. ఆ నేలమీద బంతి పడిందంటే మోకాలెత్తు లేస్తుంది. కాబట్టి బంతి వస్తుండగానే కాలు పైకెత్తి, అది లేచే చోట కాచుకుని పట్టాలి. ఆ విద్య ఏసేపుకు సారు నేర్పలేదు, నేలే నేర్పింది.

ఎడమకాలి వాటం కావడంతో సారు వాణ్ణి ఎడమ గీత పక్కన నిలబెట్టాడు. వింగర్ అంటారు. గీత వెంబడి పరిగెత్తి, మధ్యలో ఉన్నవాళ్లకు గోలు కొట్టే బంతి అందించాలి. పెళ్లిలో వడ్డించేవాడి పనిలాంటిది. వడ్డించేవాడు వీడు, త్రేన్చేవాళ్లు వేరే. అయినా ఏసేపుకు ఆ పనే ఇష్టం. పద్దెనిమిదో ఏట బెంగళూరు క్లబ్బువాళ్లు జీతమిచ్చి ఆడించుకుంటామని పిలిచారు. ఓబులమ్మ ససేమిరా నమ్మలేదు.

“తంతే జైల్లో పెడ్తారు గానీ జీతమిస్తారేమిరా? నిన్ను ఎవురో మోసం చేస్తాండారు,” అంది. మొదటి జీతంతో కొన్న చీర తెచ్చి ఒళ్లో పెట్టాక కూడా ఆమె అనుమానం పూర్తిగా తీరలేదు.

బెంగళూరులో ప్లాస్టిక్ గడ్డి. దానిమీద బంతి బాగానే లేచేది, ఏసేపు కాలూ బాగానే లేచేది. ఏడేళ్లు అక్కడ ఆడాక కలకత్తా క్లబ్బు పిలిచింది. అక్కడ చూశాడు అసలు గడ్డి. మొదటిరోజు బూట్లు విప్పేసి వట్టికాళ్లతో గ్రౌండు చుట్టూ నడిచాడు. తోటి ఆటగాళ్లు వీడెక్కడి పల్లెటూరివాడని నవ్వుకున్నారు. నవ్వుకోనీ, వాళ్లకేం తెలుసు! కాళ్లు మాడకుండా నడవగలిగే నేల ఒకటి ఉంటుందని ఏసేపుకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా తెలియదు. వాన వెలిశాక ఆ గడ్డి నుంచి లేచే వాసనంటే అతనికి ప్రాణం. ఆ వాసన కోసం ఇప్పటికీ గుండె పీకుతుంది.

ఆ ఏటి ఆఖరి మ్యాచ్. ఓడితే క్లబ్బు కింది తరగతికి పడిపోతుంది. సమంగా నిలిస్తే చాలు. వాన పడుతోంది, పది నిమిషాల ఆట మిగిలింది. అవతలి కొస నుంచి వాళ్ల కెప్టెన్ పొడుగాటి బంతి కొట్టాడు, సరిగ్గా ఏసేపు కోసం. ఎదురుగా అడ్డు పడేవాడు ఒక్కడూ లేడు. వింగర్ బతుకులో అలాంటి బంతి ఎన్నోసార్లు రాదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తొందరలో ఏసేపు కాలు కలకత్తాను మరిచిపోయింది, వేంపల్లె నేలకు పోయింది. మోకాలెత్తు లేచి కాచుకుంది. తడిగడ్డి మీద బంతి లేవలేదు. కాలి కిందినుంచి జర్రున జారి గీత దాటిపోయింది. అవతలివాళ్లు అక్కణ్ణుంచే బంతి విసురుకుని, తీసుకుపోయి గోలు కొట్టారు. క్లబ్బు పడిపోయింది. సగంమందిని పంపించేశారు, అందులో ఏసేపు ఒకడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎంతో బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

తర్వాత రెండేళ్లు అక్కడా ఇక్కడా ఆడాడు. మోకాలు మొరాయించింది. కోచ్ పరీక్ష రాసి, కాగితం పట్టుకుని ఊరికి వచ్చి, అదే బండ గ్రౌండులో పొద్దునా సాయంత్రం పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే స్వర్ణలతను పెళ్లి చేసుకున్నాడు. “ఈయన నిద్దట్లో గూడా ఎడంకాలు లేపుతాడత్తా, మంచంమీద నాకు చోటే ఉండదు,” అని ఆమె అత్తకు ఫిర్యాదు చేస్తుంది. ఏసేపు నవ్వేస్తాడు. ఆ బంతి మళ్లీ ఒక్కసారి వస్తే చాలునని అతను లోపల ఎంత మొత్తుకుంటాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నిస్సీ అనే పిల్ల అతని చేతికి వచ్చినప్పుడు దానికి పదేళ్లు. తల్లి చీనీ తోటల్లో కూలి. ఎడమకాలి వాటం. గీత వెంబడి పరిగెత్తితే పట్టుకునే మగపిల్లాడు బడిలో లేడు. ఐదేళ్లు తనకొచ్చిందంతా ఆ పిల్లకు నేర్పాడు. కిందటేడు రాష్ట్ర జట్టు సెలక్షన్లకు కడప తీసుకుపోయాడు. అక్కడ గడ్డి గ్రౌండు. ఎడమ పక్కకు మంచి బంతి వచ్చింది. నిస్సీ కాలు మోకాలెత్తు లేచింది. బంతి దాని కిందినుంచి జారి గీత దాటింది.

ఆ కాలు ఏసేపు ఎరిగిందే. తనకొచ్చిందంతా నేర్పానని మురిసిపోయాడు కదా, అందులో ఇదీ ఉంది. తన తప్పును కూడా పిల్ల కాలికి అంటించాడు.

బస్సులో నిస్సీ ఏడవలేదు. “నాకాడ ఏం తప్పుండాది సార్?” అని మాత్రం అడిగింది.

“నీకాడ ల్యాదు పాపా, నేలకాడ ఉండాది,” అన్నాడు. నాకాడ ఉండాది అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. పిల్ల తల్లి మరునాడు వచ్చి తేల్చి చెప్పింది. “వచ్చే ఏడు గూడా తీసుకోకపోతే ఇంగ పాపను నాతోపాటు తోటలకు తోలుకపోతాన్నా. వయసు గూడా దాటిపోతాది గదా.” ఆమెది అన్యాయమని ఎవరంటారు? ఉన్నది ఒక్క ఏడాది.

అదుగో, అందుకు గరిక. గ్రౌండంతా పరచడం అతని తరం కాదు. ఎడమ గీత పక్కన, మధ్యగీత దగ్గర్నుంచి మూలజెండా దాకా, నాలుగు బారల వెడల్పున రాళ్లు ఏరి, ఎరువు వేసి, గరిక నాటాడు. నీళ్లకేం చేయాలి? మధ్యాహ్నం పిల్లలు అన్నం తిన్న కంచాలు కడుక్కునే నీళ్లను పైపు పెట్టి మళ్లించాడు. ముసురు నెలల్లో అది పచ్చబడింది. పచ్చబడేసరికి ఊరి గొర్రెలన్నిటికీ ఫుట్‌బాల్ మీద అభిమానం పుట్టుకొచ్చింది. ఓబులమ్మ కట్టె పట్టుకుని గీత పక్కన కాపలా కూర్చుంది. “కూలికి పోయినన్నాళ్లూ దీన్ని పీకితి. ఇప్పుడు దీనికి కావిలి కాస్తాండా. ఏం రాతరా నాదీ!” అని కొడుకును తిడుతూనే ఒక్క గొర్రెను రానివ్వలేదు.

ఎండాకాలం వచ్చింది. బడికి సెలవులిచ్చారు, కంచాల నీళ్లు ఆగిపోయాయి. సెలక్షన్లకు ఇంకా నెల ఉంది. గరిక కొసలు ఎర్రబడ్డాయి. ఏసేపు గోడ అవతలికి చూశాడు. చర్చి ఆవరణలో బాప్తిస్మం తొట్టి ఉంది, మనిషి మునిగేంత లోతు. పండుగకు పదిమందికి బాప్తిస్మం ఇచ్చారు, తొట్టి నిండుగా ఉంది. ప్రతిసారీ ఆ నీళ్లను కాలవలోకి వదిలేస్తారు. సంఘ పెద్ద దావీదురాజు దగ్గరకు పోయి అడిగాడు.

ముసలాయన కళ్లజోడు తీసి పెట్టాడు. “పాపాలు కడిగిన నీళ్లప్పా అవి. కాళ్లకింద పోసుకుంటావా?”

“కాలవలో పోతే మర్యాదనా మామా?” అన్నాడు ఏసేపు. పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పని బంతి సంగతి ఆ ముసలాయనకు చెప్పేశాడు. వాన, కెప్టెన్, కాలి కిందినుంచి జారిపోవడం, నిస్సీ కాలు, అన్నీ. “నా తప్పు ఆ పిల్లకు అంటినాది మామా. అది కడగాల,” అన్నాడు.

మరునాడు పొద్దున్నే దావీదురాజు పంచె ఎగ్గట్టుకుని తొట్టిలో దిగి, బిరడా తానే పీకాడు. పైపులోంచి నీళ్లు గోడ దాటి గరికలోకి పోతుంటే గట్టుమీద నిలబడి చూశాడు. “ఆదివారం ఆరాధనప్పుడు మటుకు ఆట వద్దు, చెప్తాండా,” అన్నాడు. ఆ తర్వాత వారానికోసారి తొట్టి నింపించిందీ ఆయనే. ఎవరికి బాప్తిస్మమని సంఘం అడిగితే గరికకని చెప్పాడట.

ఆ నెలంతా ఏసేపు గరికమీదికి బంతులు కొట్టాడు, నిస్సీ అందుకుంది. మొదట్లో కాలు లేస్తూనే ఉంది. “దించు పాపా, దించు,” అని అరిచీ అరిచీ అతని గొంతు పోయింది.

సెలక్షన్ల రోజు కడపకు ఓబులమ్మ కూడా వచ్చింది, తను కావలి కాసిన గరిక ఏ మాత్రం పనికొస్తుందో చూడాలని. తెల్లవారుజామున జల్లు పడి గ్రౌండు తడిగా ఉంది. ఏసేపు ఎడమ గీత ఇవతల నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు నిస్సీవైపు ఒక్క బంతీ రాలేదు. కాగితాలు పట్టుకున్నవాళ్లు అటు చూడటం కూడా మానేశారు. అప్పుడు అవతలి కొస నుంచి ఎవరో పిల్ల పొడుగాటి బంతి కొట్టింది. ఎదురుగా అడ్డు ఎవరూ లేరు. తడిగడ్డి వాసన ముక్కుకు కొట్టింది. ఏసేపుకు ఆ బంతి తెలుసు.

నిస్సీ కాలు లేవలేదు. నేలకు ఆనించిన పాదానికి బంతి వచ్చి తగిలి ఆగింది. పిల్ల దాన్ని ముందుకు తోసుకుని గీత వెంబడి పరిగెత్తింది, మూలదాకా పోయి లోపలికి కొట్టింది. మధ్యలో ఉన్న పిల్ల దాన్ని గోలులోకి నెట్టింది. కాగితాలవాళ్లు తలెత్తి, ఆ ఎడమకాలి పిల్ల నంబరెంతని పక్కవాళ్లను అడుగుతున్నారు.

ఓబులమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా అంది:

“పాప దించె గదరా నాయనా. ఇంగ నువ్వు గూడా కాలు దించుకో.”

అప్పుడు చూసుకున్నాడు ఏసేపు. గీత ఇవతల, అతని ఎడమకాలు మోకాలెత్తున, ఇంకా గాల్లోనే ఉంది.