ఒంటి కమ్మ

1988 నాటికి తెనాలిలో మా ఫ్యాన్సీ కొట్టు బాగానే నిలదొక్కుకుంది. స్టేషను నుంచి బజారుకు వెళ్లే సందులో ఉండేది. ముందు భాగంలో గాజులు, రిబ్బన్లు, స్టిక్కర్లు, కవరింగు సామాను, వెనక తెరకట్టిన గదిలో రెడీమేడ్ బట్టలు. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం కాబట్టి కొట్టు పూర్తిగా నా చేతిమీదే నడిచేది. నా నోరు కాస్త దురుసని సందులో అందరికీ తెలుసు. అయినా రేపల్లె పాసింజరు దిగిన ఆడపిల్లలు ముందు మా గడపే తొక్కేవారు. తక్కువలో మంచివి దొరికేది మా దగ్గరే మరి.

చదువుకునే పిల్లలు కొనే తీరు వేరు. గుంపుగా వస్తారు, కొనేది ఒక్కతే, మిగతావాళ్లందరూ సలహాలివ్వడానికి. కావలసిన వస్తువును ముందు అడగరు. రిబ్బన్లు తీయిస్తారు, క్లిప్పులు జుట్టులో పెట్టి చూసుకుంటారు, గాజుల పెట్టెలన్నీ దింపిస్తారు. అంతా అయ్యాక, లోపలికి వచ్చినప్పటినుంచీ ఓరకంట చూస్తున్నదాన్ని చూపించి "ఊరికే, ఎంతో తెలుసుకుందామని" అంటారు. నేను విసుక్కునేదాన్ని. కానీ ఆ 'ఊరికే' వెనక ఎన్నాళ్ల టిఫిన్ మానుకోవడం ఉందో తెలుసు కాబట్టి ధర కాస్త తగ్గించే చెప్పేదాన్ని.

పంజాబీ డ్రెస్సులు అప్పుడప్పుడే మావైపు వస్తున్నాయి. హాస్టలు పిల్లలకు ఒక్కొక్కరికీ ఒకటి కొనుక్కునే తాహతు లేదు. అందుకని ముగ్గురో నలుగురో పొత్తు కలిసి ఒకటి కొనుక్కునేవారు. వాళ్లకోసం నేను మార్జిన్ ఎక్కువ ఉన్నవి ఏరి తెచ్చేదాన్ని. మార్జిన్ అంటే కుట్టు లోపల వదిలే అదనపు గుడ్డ. లావుపాటి పిల్ల వేసుకునే రోజు పక్క కుట్లు విప్పుతారు, సన్నటి పిల్ల వంతు వచ్చినప్పుడు మళ్లీ వేసుకుంటారు. ఒకే డ్రెస్సు ఈ వారం ఒకరి మీద, వచ్చే వారం ఇంకొకరి మీద కనిపించేది. కాలేజీలో అందరికీ తెలిసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆ డ్రెస్సుతో ఒక చిక్కుంది. లంగా ఓణీలు వేసుకునే పిల్లలకు బట్టను తలమీదుగా తొడుక్కునే అలవాటు ఉండదు. ఇరుకు మెడ ఉన్న డ్రెస్సును కిందికి లాగితే ముందు చెవులకే తగులుతుంది. తెర వెనక్కి వెళ్లే ప్రతి పిల్లకూ "చెవులవి తీసి తొడుక్కోండమ్మా" అని కేకేసేదాన్ని. హాస్టల్లో ఆ కేక వేసేవాళ్లెవరు?

సుగుణ బీకాం రెండో సంవత్సరం చదివేది. వాళ్లది రేపల్లె, తండ్రి రైసు మిల్లులో గుమాస్తా. సన్నగా ఉండి తక్కువ మాట్లాడే పిల్ల. ఒంటిమీద విలువైనవి ఏమైనా ఉంటే అవి చెవులకున్న ఎర్రరాళ్ల కమ్మలే. ఆ పిల్ల హాస్టల్లో చేరిన రోజున తల్లి అనసూయమ్మ గారు తన చెవులవి తీసి కూతురికి పెట్టిందట. పరాయి ఊళ్లో పిల్ల బోసి చెవులతో తిరగకూడదని ఆవిడ పట్టుదల. అసలు డిగ్రీ చదువే ఆవిడకు ఇష్టం లేదు. ఏదైనా తేడా వస్తే ఆ రోజే పెట్టె సర్దుకుని ఇంటికి రావాలని ముందే షరతు పెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం సుగుణ ఒంటరిగా వచ్చింది. ఒంటరిగా వచ్చిన పిల్ల ఏదో కష్టంలో ఉన్నట్టే లెక్క. చేతిరుమాలు ముడి విప్పి ఒక కమ్మ కౌంటరు మీద పెట్టింది.

"దీనికి జత కావాలి అక్కా. ఒక్కటే."

"రెండోది ఏమైంది?"

"కాలేజీ ఫంక్షనుకి డ్రెస్సు తొడుక్కుంటుంటే మెడకి తగులుకుని ఊడింది. వెనక బిగించే శీల దొరికింది, కమ్మ దొరకలేదు. తూములో కూడా చెయ్యి పెట్టి వెతికానక్కా."

"అమ్మకి చెప్పొచ్చు కదే."

"చెప్తే చదువు మానిపిస్తుంది."

ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే కసిరేదాన్నేమో. పెట్టెలన్నీ వెతికి, కార్డుకు గుచ్చి వచ్చే జతల్లో దాదాపు అదే పోలిక ఉన్నది తీశాను. కవరింగు అంటే లోపల రాగో ఇత్తడో ఉంటుంది, పైన పలచటి బంగారు పూత. గ్యారంటీ అని కార్డుమీద రాసి ఉంటుంది కానీ చెమట, సబ్బు తగలనంత వరకే ఆ గ్యారంటీ. కాడ పొడుగుగా ఉంటే పట్టకారుతో నేనే కొన తుంచి, ఆ పిల్ల చెవికి పెట్టాను. కాస్త దూరం నుంచి చూస్తే తేడా తెలియలేదు.

"చూడ్డానికి సరిపోయింది. చేత్తో పట్టుకుంటే మాత్రం బరువు తేడా తెలిసిపోతుంది. ఇంటికెళ్లినప్పుడు చెవినుంచి తియ్యకు" అన్నాను.

దాదాపు ఏడాది అలాగే గడిచింది. పూత మాసినప్పుడల్లా వచ్చేది, నేను ఇంకోటి చూసి పెట్టేదాన్ని. ఈ గొడవ ఇంతటితో పోయిందనే ఇద్దరం అనుకున్నాం.

తర్వాతి వేసవి సెలవులు అయిపోయి కాలేజీ తెరిచాక ఒక పెద్దాయన కొట్టుకు వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన కండువా, వేళ్ల చివర్లు నల్లగా కాలి ఉన్నాయి. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో నేను కొన తుంచిన కమ్మ ఉంది.

"ఇది మీ దగ్గర కొన్నదేనా అమ్మా?"

"మాదేనండి. నేనే అమ్మాను."

ఆయన బల్లమీద కూర్చున్నాడు. పేరు బ్రహ్మయ్యాచారి, రేపల్లె బజార్లో కంసాలి కొట్టు. సుగుణ చదివేది తెనాలిలో కాబట్టి ఇక్కడి ఫ్యాన్సీ కొట్లన్నీ అడుగుతూ వచ్చాడట. సెలవుల్లో సుగుణ తలంటుకోబోతుంటే అనసూయమ్మ గారే కూతురి చెవులవి తీసి, శీలలు వదులయ్యాయని ఈయన దగ్గర బిగించడానికి ఇచ్చిందట. ఈయన బిగించి, కడిగి, తిరిగి ఇచ్చాడు. కొన్నాళ్లకు ఆవిడ ఆ కమ్మల్ని కొత్త మోడలుకు మార్పిద్దామని, అద్దాల బీరువాలతో కొత్తగా పెట్టిన బంగారు కొట్టుకు పట్టుకెళ్లింది. వాళ్లు గీటురాయి మీద గీసి ఒకటి బంగారం, ఇంకోటి ఇత్తడి అన్నారు. చివరగా వస్తువు ఎవరి చేతిలోకి వెళ్లింది? ఆచారిగారి చేతిలోకి. ఆవిడ తిన్నగా ఆయన కొట్టు ముందుకొచ్చి, నడిబజార్లో, బంగారం మింగి ఇత్తడి ఇచ్చావని అనకూడని మాటలన్నీ అని, ఆ కమ్మను ఆయన మొహాన కొట్టింది.

"మీ చేతికి రాగానే మీకు తెలియలేదా బాబాయిగారూ?"

"తెలియకేమమ్మా. పట్టుకోగానే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండి?"

"కొట్లో నలుగురున్నారు. ఆడకూతురు. మీ ఇంటి బంగారం ఇత్తడని నలుగురిలో ఎట్లా అంటాను? ఆవిడకి తెలిసే జత చేయించుకుందేమో అనుకున్నా. ఎన్ని ఇళ్లల్లో అట్లా ఉంటాయో మాకు తెలుసు. ఎవరితోనూ అనం."

మర్యాదకోసం ఊరుకున్నందుకు మనిషి దొంగయ్యాడు. సుగుణ కమ్మ పోగొట్టుకున్న సంగతి ఆయనకు చెప్పి, నేను రేపల్లె వచ్చి చెబుతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీరు చెబితే నేను తెచ్చుకున్న సాక్షి అంటారు. నేను చెబితే పిల్లమీదకి తోస్తున్నాడంటారు. ఆ పిల్ల చెప్పాలమ్మా."

ఆ సాయంత్రమే హాస్టలుకు వెళ్లాను. సుగుణకు జరిగిందంతా తెలుసు. పోయిన ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు తల్లే చెప్పిందట. ఈ పిల్ల విని, అన్నం తిని, తిరిగి రైలెక్కి వచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకొక్క ఏడాదక్కా. పరీక్షలు రాసేశాక చెప్పేస్తాను" అంది.

"అప్పటిదాకా ఆయన ఏం తిని బతకాలే? కంసాలి చేతిలో ఉండేది నమ్మకమొక్కటే. అది పోతే ఇంకేం మిగులుతుంది?"

చివరికి "నువ్వూ రా అక్కా, ఒక్కదాన్నీ చెప్పలేను" అంది. ఆ పిల్ల మీద ఎంత కోపం వచ్చిందో, ఆ మాటకు అంత జాలి కూడా వేసింది.

ఆదివారం ఇద్దరం పాసింజర్లో రేపల్లె వెళ్లాం. అనసూయమ్మ గారు చాటలో బియ్యం ఏరుకుంటోంది. సుగుణ నిలబడే చెప్పింది, డ్రెస్సు సంగతితో సహా. ఆవిడ కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. చాట పక్కన పెట్టి, లేచి వెళ్లి, వీధి తలుపు వేసి వచ్చింది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?" అని నన్ను అడిగింది.

"ఆచారిగారికి తెలుసండి. ఊరికి తెలియాల్సింది కూడా ఉంది వదినగారూ. మీరు అన్నది బజార్లో."

"అదే బజార్లోకి వెళ్లి నా కూతురే పోగొట్టింది, ఏడాదిపాటు నాకు ఇత్తడి చూపించిందని చెప్పమంటారా? రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?"

"ఆయన బతుకుతెరువండి."

"ఆయన మగాడు. ఎట్లాగో బతుకుతాడు. వెళ్తాను, ఇంటికెళ్లి తప్పయిందని చెప్తాను. అంతకంటే నావల్ల కాదు."

చీకటి పడుతుండగా పెరటి దారిన తీసుకెళ్లింది. ఆచారిగారి ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర నిలబడి, చేతులు జోడించి, పొరపాటైపోయింది అంది. ఆయన లేచి "పోనీలెండమ్మా, పిల్లని ఏమీ అనకండి" అన్నాడు. పొయ్యి దగ్గరున్న ఆయన భార్య మాత్రం తల తిప్పకుండా ఒక్క మాట అంది.

"తిట్టడానికైతే వీధి వాకిలికే వచ్చారు."

అనసూయమ్మ గారు ఆ మాట విననట్టే బయటికి నడిచింది.

సుగుణ చదువు ఆగలేదు. మధ్యలో మానిపిస్తే ఎందుకు మానిపించావని నలుగురూ ఆరా తీస్తారని తల్లి భయం. ఏ భయంతో ఆ పిల్ల అంతకాలం నోరు మూసుకుందో అది జరగనే లేదు. జరిగిందంతా ఆచారిగారికి జరిగింది. తర్వాత ఆయన్ను ఎవరూ దొంగ అనలేదు. పనికి ఇచ్చిన వస్తువు చేసేదాకా ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టారు. తర్వాత రావడమే మానేశారు. నేను రేపల్లెలో తెలిసినవాళ్లకు నిజం చెప్పి చూశాను. విన్నవాళ్లు నవ్వి "ఆయన మీకు చుట్టమా అండి?" అన్నారు. నోరున్నదాన్నని పేరే కానీ, ఆ నోరు ఆయనకు పనికిరాలేదు.

రెండేళ్లకు ఆయనే తెనాలి వచ్చి, ఏదైనా పని ఉంటే చెప్పమ్మా అని అడిగాడు. కవరింగు నగలకు రాళ్లు తరచూ ఊడుతుంటాయి. అవి అతికించే పని ఇచ్చాను. కొట్టు అరుగు మీద కూర్చుని, బంగారం పని చేసిన చేతులతో గాజు పెంకుల్ని ఇత్తడికి అతికించేవాడు. కాలేజీ పిల్లలు తాతగారూ అని పిలిచి, పట్టీలు, గొలుసులు తెచ్చి బాగు చేయించుకునేవారు. ఆయన మంచిగానే మాట్లాడేవాడు. నాకే అటు చూడటం కష్టంగా ఉండేది.

సుగుణ ఆ ఆదివారం తర్వాత మా కొట్టు వైపు రాలేదు. మళ్లీ వచ్చింది 1994లో. బాపట్లలో ఉద్యోగమట, చీరలో కాస్త ఒళ్లు చేసింది. నన్ను పలకరించి, తిన్నగా అరుగు దగ్గరికి వెళ్లి, సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఆచారిగారి ముందు పెట్టింది. అందులో కొత్త బంగారు కమ్మలు ఉన్నాయి.

"అమ్మకోసం చేయించాను బాబాయిగారూ. శీల కాస్త వదులుగా ఉంది. మీ చేత్తో బిగించండి. మీరు ఇక్కడున్నారనే బాపట్ల నుంచి వచ్చాను."

ఆయన ఆ పిల్లను గుర్తుపట్టాడు. చేతిలో ఉన్న ఇత్తడి గొలుసు కింద పెట్టి, కండువాతో వేళ్లు తుడుచుకున్నాడు. డబ్బా మాత్రం ముట్టుకోలేదు.

"బంగారం పట్టుకోవడం మానేశానమ్మా. అక్కగారికి ఇవ్వు, ఎట్లా బిగించాలో నేను చెప్తాను."

"నేనే కదండి ఇస్తున్నాను. నన్ను నమ్మరా?"

"నమ్మకేమమ్మా. అప్పుడు ఇచ్చింది కూడా మంచివాళ్లే."

సుగుణ ఏడ్చింది. నేను ఓదార్చలేదు, ఓదార్చబుద్ధి కాలేదు. డబ్బా నేను తీసుకున్నాను. ఆయన ఇటు తిప్పు, ఇంకాస్త, చాలు అని చెబుతుంటే నేను శీల బిగించాను. ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఇన్నేళ్లు కొట్టు నడిపాక నాకు అర్థమైంది ఇంతే. ఒక మనిషిని బజార్లో దొంగ అన్నాక, ఆ మాటను ఆ బజార్లోనే నిలబడి వెనక్కి తీసుకోవాలి, అదీ ఆలస్యం చెయ్యకుండా. పెరట్లో ఎన్ని దండాలు పెట్టినా అవి ఇంటిదాకానే వెళ్తాయి, ఆయన కొట్టుదాకా రావు.