రేడియోకెక్కిన శోకం

గొంతంటే ఆ బ్రిటిష్ రేడియో ఆయనదే. నమస్తే అన్నా సరే, ఇంకోసారి అంటే బాగుండనిపించేది. ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఊళ్ల మీద ఒక కార్యక్రమం, దాంతోపాటే ఒక పుస్తకం చేస్తానని వచ్చి శామీర్‌పేటలో అద్దె గదిలో దిగాడు. మేడ్చల్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెప్పుకునే నన్ను దుబాసీగా పెట్టుకున్నాడు. అవి 2010 వేసవి సెలవులు. నాకు గర్వంగానే ఉండేది.

తిరిగేటప్పుడు కారులో తన బతుకంతా చెప్పేవాడు. కుర్రతనంలో ఇంటింటికీ తిరిగి రొట్టెలు వేశాడట. ఓ చిన్న స్టేషన్‌లో గొర్రెల ధరలు చదివే పని దొరికితే, వాటినే కథలా చదివి పేరు తెచ్చుకున్నాడట. ఆ తర్వాత దేశానికో పుస్తకం రాశాడు. ఒకరోజు మా గౌడవెల్లి దారిలో కారు ఆపించి, వాళ్లమ్మ పోయిన రోజు తాను స్టూడియోలో ఉన్నానని, ఇంతవరకూ ఏడవనే లేదని చెప్పి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను నమ్మాను. ఇంటికి తీసుకుపోయి అమ్మ చేత జొన్నరొట్టె పెట్టించాను.

అతడు ఇక్కడ ఉండగానే నాయిన పోయాడు.

మా వైపు ఆడవాళ్లు పోయినవాళ్ల మీద పడి రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటాం. బతికుండగా మొగుణ్ణి అనలేని మాటలన్నీ ఆ రాగంలో అనేస్తారు. అక్కడున్నవాళ్లంతా వింటారు. స్నానాలు చేసి ఇళ్లకు పోయాక మాత్రం ఆ మాటలు ఎవరూ ఎత్తరు. పడనివాళ్లు కూడా ఎత్తరు. ఇదంతా అతనికి ముందే విడమరచి చెప్పాను. రికార్డింగు మిషను కారులోనే వదిలేశానని చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని చెప్పి, మూలన నిలబడ్డాడు. మిషను ఆ జేబులోనే ఉంది.

"గుండ్లపోచంపల్లిల ఇంకో పొయ్యి వెలిగిస్తివి, నా పొయ్యిల నీళ్లు వోస్తివి, ఓ నా దేవుడా" అని ఏడ్చింది అమ్మ. నాయినకు అక్కడ ఇంకొకామె ఉందని ఊరందరికీ తెలుసు. అమ్మ నోట ఆ మాట రావడం మాత్రం అదే మొదటిసారి. ఏమంటోందని అతడు తర్వాత అడిగాడు. నేను చెప్పలేదు.

రెండేళ్లకు బడిలో తోటి టీచరు, మీ ఊరి ముచ్చటట విను అంటూ ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. కార్యక్రమం మొదలవడమే అమ్మ శోకంతో మొదలైంది. దాని మీద ఇంకెవరో ఆడమనిషి ఊరి పేరు, పొయ్యి ఏదీ వదలకుండా ఇంగ్లీషులో చదువుతోంది. ఒళ్లు మండిపోయింది. అయినా చివరిదాకా విన్నాను. చివర్లో ఆ మహానుభావుడు, ఎప్పటిలాగే ఇంట్లో రేడియో ముందు కూర్చున్న తన తల్లికి శుభరాత్రి చెప్పాడు. పోయిందని కళ్లద్దాలు తుడుచుకున్నాడే, ఆ తల్లికి.

ఫోన్ చేస్తే ఆ గొంతులో ఇసుమంత తేడా లేదు. మీ అమ్మ గొంతు ఇక ఎప్పటికీ పోదు, సంతోషించు అన్నాడు. సొంత తల్లిని బతికుండగానే చంపినవాడు మా అమ్మకు ఆయుష్షు పోస్తాడట. తిట్టాలనుకున్నవన్నీ ఫోన్ పెట్టేశాకే నోటికొచ్చాయి.

ఈలోపు ఎవరో ఆ కార్యక్రమాన్ని నెట్‌లోంచి దించగా, మేడ్చల్ బస్టాండ్ దగ్గర మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణాల దాకా అది చేరింది. అక్కణ్నుంచి మా ఊరికి. అమ్మ కూడా విన్నది. అతణ్ణి ఒక్క మాట అనలేదు. నన్నే అడిగింది.

"గా మాటల అర్థం గాయినకు నువ్వే జెప్పినవా బిడ్డా?"

లేదని ఒట్టు పెట్టాను. సరే అంది, కానీ నమ్మలేదు. మోసపోయింది నేను, దొంగలా నిలబడిందీ నేనే. అమ్మ అన్నం వడ్డించేది, పొద్దుపోయి వస్తే ఎదురుచూసేది. తన కష్టసుఖాలు చెప్పుకోవడం మాత్రం మానేసింది. పక్కింటామెతో మాట్లాడుతూ, నేను రాగానే కూరల మాటలోకి దిగేది.

మరుసటి ఏడు శామీర్‌పేటలో అవ్వ పోయింది. అమ్మను కన్న తల్లి. ముందు గదిలో పడుకోబెట్టారు. కూతురే శోకం మొదలుపెట్టాలి గనక ఆడవాళ్లంతా అమ్మ కోసం ఆగారు. అమ్మ రాగం ఎత్తకుండా నా వైపు చూసింది. నాకు అర్థమైంది. ఫోన్ పైకెత్తి చూపించి, బయట పెట్టి వస్తానన్నాను.

"ఫోను గాదు బిడ్డా, నువ్వు పో. నేను మా అమ్మతోని మాట్లాడుకోవాలె."

అందరి ముందూ లేచి బయటికి వచ్చాను. వీధి చివరిదాకా నడిచాక వెనక అమ్మ రాగం ఎత్తుకుంది. ఏమంటోందో అక్కడికి వినబడలేదు.